మిషెల్ క్రోజ్ : మంచుమెట్ల మార్గదర్శి

ఐరోపా ఖండం నడుమ ఫ్రాన్సు, స్విట్జర్లాండు, ఇటలీ, ఆస్ట్రియా దేశాల మీదుగా విల్లువలె వంగి ఆల్ప్స్ పర్వతశ్రేణి విస్తరించి ఉంది. హిమాలయాలతో పోల్చినప్పుడు ఎత్తులో ఇవి చిన్నవే. వీటిలో మిక్కిలి ఎత్తైన మౌంట్ బ్లాంక్ శిఖరం ఐదు వేల మీటర్లను కూడ అందుకోదు. అయినప్పటికీ పర్వతారోహణం ఒక విద్యగా, ఒక వృత్తిగా రూపుదిద్దుకొన్నది ఈ కొండలలోనే. శిఖరాన్ని ఎక్కాలన్న కోరిక ఒకరిది. ఆ కోరికను నెరవేర్చిన చేయి మరొకరిది. చరిత్రపుటలలో కోరిక గలవారి పేర్లే పెద్ద అక్షరాలలో కనిపిస్తాయి. దారి చూపినవారిలో నేటికీ వినవచ్చే పేర్లు బహు కొద్ది. అట్టి కొద్దిమందిలో మిషెల్ క్రోజ్ ఒకడు.

క్రోజ్ 1830 ఏప్రిల్ 22వ తేదీన షామొనీ లోయ ఎగువ కొసన ఉన్న లె టూర్ అనే చిన్న గ్రామంలో జన్మించాడు. సవాయ్ అని పిలిచే ఆ సీమ అప్పటికి ఫ్రాన్సులో భాగం కాదు. సార్డీనియా రాజ్యానికి చెంది ఉండేది. 1860లో అది ఫ్రాన్సులో కలిసింది. ఆ విధంగా క్రోజ్ తన సీమను విడువకుండానే ముప్పయ్యవ యేట మరొక దేశపు పౌరుడైనాడు. ఊరికి పైన అదే పేరు గల హిమానీనదం ఉంది. శీతకాలమంతా ఇళ్ల చుట్టూ మంచు పేరుకొని ఉండే ఆ ఊళ్లలో వేసవి బహు స్వల్పం. ఆ కొద్ది నెలలలోనే గడ్డి కోసుకోవాలి, పశువులను మేపుకోవాలి, ఏడాదికి సరిపడా నాలుగు రాళ్లు సంపాదించుకోవాలి. మిషెల్ అన్న జాఁ బాప్టిస్ట్ కూడ కొండదారుల మార్గదర్శకుడే.

షామొనీ లోయకు మౌంట్ బ్లాంక్ శిఖరమే పెట్టుబడి. 1786లో దానిని తొలిసారి అధిరోహించిన పిమ్మట ఇంగ్లండు మొదలైన దేశాల నుండి సంపన్నులు, విద్యావంతులు వేసవికాలంలో ఆ లోయకు రాసాగారు. వారికి దారి చూపడం, సామాను మోయడం, మంచుపగుళ్ల మీదుగా చేయి పట్టి దాటించడం లోయలోని రైతులకు బ్రతుకుతెరువుగా మారింది. 1820లో మంచు విరిగిపడి ముగ్గురు మార్గదర్శకులు మరణించారు. ఆ మరుసటి సంవత్సరమే షామొనీ మార్గదర్శకులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. వచ్చిన యాత్రికుని వెంట వరుసక్రమంలో ఎవరి వంతు వస్తే వారే వెళ్లాలన్నది ఆ సంఘపు ముఖ్యనియమాలలో ఒకటి. అందరి పొయ్యిలో నిప్పు రాజేయడానికి అది మంచి ఏర్పాటే. కాని కొండ ఎవరి వంతునూ పాటించదు. అందుచేత నిజమైన ఆరోహకులు వంతును కాక మనిషిని వెదకుకొనేవారు. అట్లు వెదకి పిలిపించుకొన్న మనుషులలో క్రోజ్ అగ్రగణ్యుడు.

అతని ప్రతిభ ఎటువంటిదో గ్రహించాలంటే మంచును గూర్చి కొంత తెలుసుకోవాలి. తెలుగువారికి మంచు అన్న ఒక్క మాటతోనే పని గడిచిపోతుంది. మార్గశిరంలో గడ్డిపరకలపై నిలిచే బిందువూ మంచే. తెల్లవారుజామున పొలాలను కప్పే తెరా మంచే. హిమాలయాలపై కురిసేదీ మంచే. ఆల్ప్స్ మార్గదర్శికి మాత్రం ఈ భేదం ప్రాణంతో సమానం. కొత్తగా కురిసిన హిమంలో కాలు దిగబడుతుంది, పట్టు దొరుకుతుంది. ఎండకు కరిగి, రాత్రి చలికి తిరిగి గడ్డకట్టి బిగిసిన గట్టిమంచు గాజువలె నునుపుగా ఉంటుంది. ఉత్తర దిక్కుకు తిరిగిన కొండముఖాలపై ఎండ పొడ తక్కువ. అక్కడ ఈ గట్టిమంచు నిండువేసవిలోనూ కరగదు. రాతి పగుళ్లలో నిండి, రాతిపై కంటికి ఆనని పలుచని పొరగా అంటుకొని ఉంటుంది.

ఈనాటి ఆరోహకులు ఇనుపముళ్ల చట్రాలను బూట్లకు బిగించుకొని అట్టి వాలుల మీద నేరుగా ఎక్కిపోతారు. క్రోజ్ కాలపు మార్గదర్శకులకు ఆ సౌకర్యం లేదు. అడుగున మేకులు కొట్టిన తోలుబూట్లు, పొడవాటి కర్రపిడి గల మంచుగొడ్డలి, నడుముకు కట్టుకొన్న నారతాడు - వారి సాధనసంపత్తి అంతా ఇంతే. ముందు నడిచేవాడు వాలు మీద నిలదొక్కుకొని గొడ్డలితో పాదం పట్టేంత గుంట చెక్కాలి. దానిలోకి కాలు మార్చి తరువాతి గుంట చెక్కాలి. మెట్టు లోపలి వైపుకు కొద్దిగా వాలి ఉండాలి. లేకుంటే కాలు జారుతుంది. చిన్నదైతే వెనుక వచ్చేవారికి చాలదు. పెద్దదైతే పొద్దు చాలదు. ఆ కొలత చెక్కేవాడి పాదానిది కాదు. తాడుకు కట్టుకొన్న వారందరిలో తక్కువ నేర్పు గలవాడి పాదానిది. మెట్టు చెక్కడం మార్గదర్శి విద్యలో సగభాగం మాత్రమే. వెనుక ఉన్న మనిషి కాలును ఆ మెట్టులో నిలబెట్టడం మిగిలిన సగభాగం. ఈ రెండవ సగభాగాన్ని గూర్చి పర్వతారోహణ గ్రంథాలు అంతగా చెప్పవు.

క్రోజ్‌లోని ఈ విద్యను ముందుగా గుర్తించినవారిలో విలియం మాథ్యూస్ అనే ఆంగ్లేయుడు ముఖ్యుడు. 1860 ఆగస్టులో ఆయన క్రోజ్‌ను వెంటబెట్టుకొని గ్రాండ్ కాస్ అనే శిఖరాన్ని ఎక్కాడు. 3,855 మీటర్ల ఎత్తు గల ఆ శిఖరంపై అంతకు ముందు ఎవరూ అడుగు మోపలేదు. పైభాగమంతా నిట్టనిలువు గట్టిమంచు. ఆ వాలులో వెయ్యికి పైగా మెట్లు చెక్కవలసి వచ్చింది. వెయ్యి అన్న అంకెను కన్నులు సులువుగా దాటిపోతాయి. ఒక్కొక్క మెట్టుకు ఎన్ని గొడ్డలి దెబ్బలో, ప్రతి దెబ్బకూ ముఖంపైకి ఎగిరే మంచుపెళ్లలు ఎన్నో ఊహించుకొంటే ఆ అంకె బరువు తెలుస్తుంది. మరుసటి సంవత్సరం మాథ్యూస్‌తోనే క్రోజ్ కాస్టర్ శిఖరాన్నీ, ఇటలీలోని మోంటే వీసో శిఖరాన్నీ తొలిసారి అధిరోహించాడు. వీసో యాత్రలో అన్నదమ్ములిద్దరూ పాల్గొన్నారు.

1864వ సంవత్సరం క్రోజ్ జీవితంలో మరువరానిది. ఎడ్వర్డ్ వింపర్ అనే ఇరవైనాలుగేళ్ల లండను యువకుడు ఆ వేసవికి అతనిని కుదుర్చుకొన్నాడు. వింపర్ వృత్తిరీత్యా చెక్కపై బొమ్మలు చెక్కే కళాకారుడు. ఒక ప్రచురణకర్త కోరిక మేరకు ఆల్ప్స్ చిత్రాలు గీయడానికి వచ్చి ఆ కొండల మోహంలో పడినవాడు. అహంభావం పాలు కొంత ఎక్కువైనా, మనిషిలోని సత్తువను గుర్తించగల చూపు అతనికి ఉంది. జూన్ 25వ తేదీన వింపర్, మూర్, వాకర్ అనే ముగ్గురు ఆంగ్లేయులను క్రోజ్, అతనితోబాటు గ్రిండెల్వాల్డ్‌కు చెందిన క్రిస్టియన్ ఆల్మర్ కలిసి ఎక్రాఁ శిఖరం పైకి చేర్చారు. నాలుగు వేల మీటర్లకు పైబడిన ఆ శిఖరానికి ఉత్తరపు వైపున పెద్ద మంచుగోడ ఉంది. దాని పాదం వద్ద కొండనూ హిమానీనదాన్నీ వేరుచేసే లోతైన పగులు నోరు తెరచుకొని ఉంటుంది. గంటల తరబడి మెట్లు చెక్కుతూ పోయినప్పటికీ శిఖరం దగ్గరపడినట్లే కనిపించలేదు. ఆ రోజు క్రోజ్, ఆల్మర్‌లు పడిన శ్రమ ఆల్ప్స్ చరిత్రలో ఒక కొలబద్దగా నిలిచిపోయింది.

అదే వేసవిలో క్రోజ్ స్వభావంలోని రెండవ పార్శ్వం కూడ బయటపడింది. జులై నెలలో మోమింగ్ కనుమను దాటుతున్నప్పుడు దారికి పైన ఇండ్లంతేసి మంచుస్తంభాలు కూలడానికి సిద్ధంగా వేలాడుతున్నాయి. చుట్టుదారి మేలని తోడివారు భావించారు. పొద్దు వృథా అవుతుందని తలచిన క్రోజ్ వాటి కిందుగానే నడిపించాడు. వారు ఆవలికి చేరిన కొద్దిసేపటికే ఒక మహాస్తంభం విరిగి, వారు నడచిన జాడలను తుడిచివేస్తూ దొర్లిపోయింది. క్రోజ్ ఆనాడు తీసుకొన్న నిర్ణయం సరియైనదని ఎవరూ అనజాలరు. ప్రాణాలు దక్కడం అదృష్టమే గాని వివేకం కాదు. అయితే అదే రోజున కనుమ శిఖరాన చూరువలె ముందుకు పొడుచుకొని వచ్చిన మంచుగడ్డ దారిని మూసివేసినప్పుడు, తోడివారు తాడు బిగించి పట్టుకొనగా, ఆ చూరు కిందకు పోయి గొడ్డలితో దానిని పగులగొట్టి దారి చేసినవాడూ అతడే. సాహసమూ తొందరపాటూ ఒకే మనిషిలో ఇరుగుపొరుగున కాపురం చేయడం లోకంలో కొత్త కాదు.

ఆ ఏడాదే వింపర్‌తో కలిసి అతడు త్రెలాతెత్, మాఁ దొలాఁ, ఆర్జాఁతియేర్ శిఖరాలను కూడ తొలిసారి ఎక్కాడు. లోయలో ఉన్నప్పుడు క్రోజ్ సాధారణమైన మనిషిగానే కనిపించేవాడని, పదివేల అడుగులు దాటిన తరువాతనే అతనిలోని అసలు మనిషి మేల్కొనేవాడని వింపర్ భావించాడు. బలిష్ఠమైన శరీరం, గడ్డం, కష్టం పెరిగేకొద్దీ ఇనుమడించే ఉత్సాహం - క్రోజ్‌ను ఎరిగినవారికి గుర్తుండిపోయిన లక్షణాలు ఇవి.

ఆ కాలానికి ఆల్ప్స్‌లోని పెద్ద శిఖరాలలో చాలమట్టుకు మనిషి పాదం తాకింది. స్విట్జర్లాండు, ఇటలీ దేశాల సరిహద్దున 4,478 మీటర్ల ఎత్తున పిరమిడ్‌వలె నిలిచిన మాటర్‌హార్న్ మాత్రం లొంగలేదు. వింపర్ దానిపై 1861 నుండి పలుమార్లు ప్రయత్నించి విఫలుడయ్యాడు. క్రోజ్ తోడుంటే అది సాధ్యమని అతని నమ్మకం. అయితే 1865 వసంతంలో అతడు క్రోజ్‌కు ఉత్తరం వ్రాసేనాటికే, జూన్ 27వ తేదీ నుండి మరొక ఆంగ్లేయునితో వెళ్లడానికి క్రోజ్ మాట ఇచ్చి ఉన్నాడు. మార్గదర్శికి మాటే పెట్టుబడి. వింపర్‌కు మిగిలింది జూన్ నెలలోని కొద్ది రోజులే. ఆ కొద్ది రోజులలోనే వారు గ్రాఁ కోర్నియే శిఖరాన్ని ఎక్కారు, డాఁ బ్లాంష్ శిఖరాన్ని ఎక్కారు. మాటర్‌హార్న్‌పై ఒక కొత్త దారిన ప్రయత్నించగా రాళ్లు జడివానగా కురిసి వెనుకకు మళ్లించాయి. 24వ తేదీన గ్రాండ్ జొరాస్ శిఖరపంక్తిలో ఒక కొనను చేరుకొన్నారు. ఆ పిమ్మట క్రోజ్ సెలవు తీసుకొని షామొనీకి వెళ్లిపోయాడు.

ఇక్కడ విధి ఒక చిత్రమైన మలుపు తిప్పింది. క్రోజ్‌ను కుదుర్చుకొన్న ఆ ఆంగ్లేయుడు దారిలో జబ్బుపడ్డాడు. ఖాళీ అయిన క్రోజ్‌ను చార్లెస్ హడ్సన్ అనే క్రైస్తవ మతాచార్యుడు పనిలోకి తీసుకొన్నాడు. హడ్సన్ ఆనాటి ఆరోహకులలో ఎన్నదగినవాడు. ఆయన లక్ష్యం కూడ మాటర్‌హార్న్ శిఖరమే. జులై 12వ తేదీన ఇటలీ వైపు నుండి నిరాశతో జెర్మాట్ గ్రామానికి చేరిన వింపర్, అక్కడి వసతిగృహం ముందర కూర్చుని ఉన్న క్రోజ్‌ను చూచి ఆశ్చర్యపోయాడు. వింపర్ వెంట లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్ అనే పద్దెనిమిదేళ్ల యువకుడు ఉన్నాడు. హడ్సన్ వెంట డగ్లస్ హాడో అనే పంతొమ్మిదేళ్ల కుర్రవాడు ఉన్నాడు. రెండు జట్లు విడివిడిగా ఒకే కొండ ఎక్కడం వివేకం కాదని తలచి ఆ సాయంకాలమే ఒకటైనాయి. హాడోకు తగినంత అనుభవం ఉన్నదా అని వింపర్ అడిగాడు. అతడు ఇటీవలనే మౌంట్ బ్లాంక్‌ను చాలమంది కన్న తక్కువ కాలంలో ఎక్కి వచ్చాడని హడ్సన్ హామీ ఇచ్చాడు. ఆ హామీతో విషయం తేలిపోయింది.

మౌంట్ బ్లాంక్ మీద ప్రధానంగా కావలసినది ఓర్పు, కాలిసత్తువ; మాటర్‌హార్న్ మీద కావలసినది పాదాల నేర్పు. ఈ భేదం క్రోజ్‌కు తెలియనిది కాదు. కాని తాడుకు ఎవరిని కట్టాలన్నది పెద్దమనుషులు తేల్చుకొనే విషయం. మార్గదర్శి కూలికి కుదిరినవాడు. దారి ఎటు అని అతనిని అడిగేవారు; తోడు ఎవరు అని అడిగే ఆచారం ఆనాడు అంతగా లేదు.

జులై 13వ తేదీ ఉదయం ఐదున్నర గంటలకు వారు జెర్మాట్ నుండి బయలుదేరారు. క్రోజ్‌తోబాటు జెర్మాట్‌కు చెందిన పీటర్ తౌగ్వాల్డర్, అతని కుమారులు మార్గదర్శకులుగా, బరువులు మోసేవారుగా వచ్చారు. సుమారు 3,350 మీటర్ల ఎత్తున గుడారం వేసుకొన్నారు. ఆ మధ్యాహ్నం క్రోజ్, చిన్న పీటర్ ఇద్దరూ పై దారిని పరీక్షించడానికి వెళ్లి, కష్టమేమీ లేదని సంతోషంతో తిరిగి వచ్చారు. దిగువ నుండి చూచినప్పుడు గోడవలె భయపెట్టిన ఆ తూర్పు ముఖం నిజానికి పెద్ద రాతిమెట్ల వరుస వంటిది. రెండవ కుమారుడు తిరిగి ఇంటికి వెళ్లగా మిగిలినవారు ఏడుగురు.

మరునాడు వేకువజామున నడక సాగింది. ఉదయం పది గంటల వేళకు వారు కొండ పైభాగంలోని నిటారు గోడ పాదాన్ని చేరుకొన్నారు. నేరుగా ఎక్కడం అసాధ్యం కాగా ఉత్తర ముఖం మీదికి తిరగవలసి వచ్చింది. వాలు నలభై డిగ్రీలకు మించి లేదు. భయమంతా వాలును గూర్చి కాదు. రాళ్ల సందులన్నీ హిమంతో నిండిపోయి, ఎక్కడో ఒకటిగా రాతి మొనలు పైకి తేలి ఉన్నాయి. వాటిపైనా పలుచని గట్టిమంచు పొర. చేతికి పట్టు లేదు, కాలికి నమ్మకం లేదు. ఇక్కడ నుండి క్రోజ్ ముందు నడిచాడు. కొన్నిచోట్ల అతడు చేయి చాపి వింపర్‌ను పైకి లాగాడు. హడ్సన్ ఎవరి సాయమూ లేకుండ ఎక్కాడు. హాడోకు మాత్రం అడుగడుగునా సాయం కావలసి వచ్చింది. అడ్డంగా సుమారు నాలుగు వందల అడుగులు సాగి, కొంత పైకి ఎక్కి, తిరిగి కొండ వెన్నుగట్టును చేరగానే కష్టం ముగిసింది. ముందున్నది తేలికపాటి హిమపు వాలు. వింపర్, క్రోజ్ తాళ్లు విప్పుకొని చిన్నపిల్లలవలె పందెం వేసుకొని పరుగెత్తి సరిసమానంగా శిఖరాన్ని చేరారు. అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట నలభై నిమిషాలు.

ఇటలీ వైపు నుండి జాఁ ఆంత్వాన్ కారెల్ నాయకత్వంలో మరొక జట్టు అదే సమయంలో ఎక్కుతున్నది. వారు చాల దిగువన కనిపించారు. కేకలు వారికి వినబడలేదు. అప్పుడు వింపర్, క్రోజ్ రాళ్లు దొర్లించి వారి దృష్టిని ఆకర్షించారు. ఆ జట్టు వెనుదిరిగింది. క్రోజ్ తాను మోసుకొని వచ్చిన గుడారపు కర్రను శిఖరంపై నాటి, తన పైచొక్కాను విప్పి దానికి జెండాగా కట్టాడు. గాలి లేని ఆ మధ్యాహ్నం అది వ్రేలాడుతూ ఉండిపోయింది. అయినా లోయలోని ఊళ్లకు కనిపించింది. ఇటలీ వైపు ఊరివారు దానిని తమవారి విజయంగా భావించి పండుగ చేసుకొన్నారట. పేదరైతు బిడ్డ చొక్కా ఒకటి రెండు దేశాల వారు తలలెత్తి చూచిన జెండా అయింది.

శిఖరంపై ఒక గంట గడిచింది. దిగడంలో వరుసక్రమాన్ని వింపర్, హడ్సన్ ఆలోచించి నిర్ణయించారు. అందరికన్న ముందు క్రోజ్, అతని వెనుక హాడో, ఆపైన హడ్సన్, డగ్లస్, పెద్ద తౌగ్వాల్డర్. కష్టమైన చోట ఒక తాడును రాళ్లకు కట్టి ఆధారంగా ఉంచుదామని వింపర్ సూచించాడు. హడ్సన్ మెచ్చుకొన్నాడు. కాని ఆ సూచన ఆచరణలోకి రాలేదు. శిఖరపు చిత్రం గీసుకొని, అందరి పేర్లు ఒక సీసాలో ఉంచి వింపర్, చిన్న పీటర్ వెనుకగా బయలుదేరారు. ముందువారు కష్టమైన భాగాన్ని చేరేసరికి వారూ కలుసుకొన్నారు. మూడు గంటల వేళ డగ్లస్ కోరిక మేరకు వింపర్ తనను పెద్ద తౌగ్వాల్డర్‌కు కట్టుకొన్నాడు. ఇప్పుడు ఏడుగురూ ఒకే వరుసలో ఉన్నారు.

మంచుకొండపై ఎక్కడం కన్న దిగడం కష్టం. ఎక్కేవానికి ముందున్న మెట్టు కన్నుల ఎదుట ఉంటుంది. దిగేవాడు కాలి కింది శూన్యాన్ని చూస్తూ, కనిపించని మెట్టు కోసం కాలితో తడుముకోవాలి. హాడోకు అది చేతకాలేదు. అప్పుడు క్రోజ్ తన మంచుగొడ్డలిని పక్కన ఉంచాడు. రెండు చేతులతో హాడో కాళ్లు పట్టుకొని, ఒక్కొక్క పాదాన్నే ఒక్కొక్క పట్టులో నిలబెట్టసాగాడు. ఒక పాదం, తరువాత రెండవ పాదం; ఆ పిమ్మట తాను ఒకటి రెండడుగులు దిగడం; మరల తిరిగి పైకి చూచి ఆ పాదాలను అందుకోవడం. గొడ్డలి చేతిలో ఉంటే జారినప్పుడు మంచులో గుచ్చి నిలువరించుకోవచ్చు. హాడో పాదాలు పట్టుకొనడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. తన ఆధారాన్ని తానే వదులుకొంటున్నానన్న సంగతి అంతటి నేర్పరికి తెలియదనుకోవడం కుదరదు.

పైనున్నవారికి రాతి మాటున అంతా స్పష్టంగా కనిపించలేదు. క్రోజ్ హాడో పాదాలను నిలిపి, తాను దిగడానికి అటు తిరిగినట్లు భుజాల కదలికను బట్టి వింపర్ గ్రహించాడు. అదే క్షణంలో హాడో జారి అతనిపై పడ్డాడు. క్రోజ్ నోట ఒక్క కేక వెలువడింది. మరుక్షణం ఇద్దరూ కిందికి దూసుకొనిపోయారు. వారి బరువుకు హడ్సన్, అతని వెంట డగ్లస్ ఊడివచ్చారు. కేక వినబడగానే పెద్ద తౌగ్వాల్డర్, వింపర్ రాళ్లను గట్టిగా పట్టుకొని నిలబడ్డారు. తాడు బిగిసింది, తౌగ్వాల్డర్‌కూ డగ్లస్‌కూ నడుమ తెగింది. వీపులపై జారుతూ, చేతులు చాచి పట్టు కోసం వెదకుతూ ఆ నలుగురూ కొన్ని క్షణాలు కనిపించారు. ఆ తరువాత ఒకరి వెనుక ఒకరుగా ఉత్తర ముఖం మీదుగా సుమారు నాలుగు వేల అడుగుల దిగువన ఉన్న హిమానీనదంలోకి పడిపోయారు. ఆ వేళ జెర్మాట్‌లో ఒక పిల్లవాడు వసతిగృహంలోకి పరుగెత్తుకొని వచ్చి, మాటర్‌హార్న్ శిఖరం నుండి మంచు విరిగిపడడం చూచానని చెప్పాడు. కట్టుకథలు చెప్పవద్దని పెద్దలు మందలించారు.

క్రోజ్‌కు అప్పటికి ముప్పై అయిదేళ్లు. జులై 16వ తేదీన వెదకబోయినవారికి క్రోజ్, హాడో, హడ్సన్‌ల దేహాలు హిమానీనదంపై లభించాయి. డగ్లస్ దేహం దొరకలేదు. క్రోజ్‌ను అతని గడ్డాన్ని బట్టి గుర్తించారు. అతడు ధరించిన జపమాలలోని శిలువ దవడ ఎముకలో గుచ్చుకొని ఉండగా ఒక మతాచార్యుడు చాకుతో దానిని వెలికితీశాడు. ఆ శిలువను, తెగిన తాడు ముక్కను జెర్మాట్‌లోని ప్రదర్శనశాలలో భద్రపరిచారు.

అదే నెలలో విచారణ జరిగింది. తెగిన తాడు ఆ జట్టు వద్ద ఉన్న మూడు రకాల తాళ్లలో మిక్కిలి బలహీనమైనదని తేలింది. బలమైన తాళ్లు ఉండగా దానిని ఎందుకు వాడారన్న ప్రశ్న పెద్ద తౌగ్వాల్డర్ మెడకు చుట్టుకొన్నది. తన ప్రాణం కాపాడుకొనడానికే అతడు అట్లు చేశాడని కొందరు నిందించారు. నిర్దోషి అని విచారణాధికారి తీర్పు ఇచ్చినప్పటికీ నింద మాత్రం అతనిని జీవితాంతం వెన్నాడింది. లండను పత్రికలు ఈ వినోదం కోసం ప్రాణాలు పోగొట్టుకోవడం తగునా అని ప్రశ్నించాయి. ఆ చర్చ అంతా ప్రధానంగా తాడు చుట్టూ, మరణించిన ప్రభువంశీయుని చుట్టూ తిరిగింది. కూలికి వచ్చిన మార్గదర్శి రెండు చేతులనూ ఎందుకు ఖాళీ చేసుకోవలసి వచ్చిందన్న ప్రశ్న అంతగా వినబడలేదు.

అయితే ఆంగ్లేయ ఆరోహకులు క్రోజ్‌ను పూర్తిగా మరచిపోలేదు. అతని సంపాదనపై కొంతవరకు ఆధారపడి అతని తోబుట్టువులు బ్రతుకుతుండేవారు. ఆల్ఫ్రెడ్ విల్స్ అనే ఆరోహకుడు ఆ అక్కచెల్లెండ్ర కోసం విరాళాల పట్టిక తెరిచాడు. స్వల్పకాలంలోనే 280 పౌండ్లకు పైగా సమకూరింది. షామొనీ గ్రామాధికారి సలహాపై ఆ సొమ్మును ఫ్రెంచి ప్రభుత్వ పత్రాలలో మదుపు పెట్టే పనిని విలియం మాథ్యూస్ నెరవేర్చాడు. క్రోజ్‌ను జెర్మాట్‌లో చర్చి పక్కన ఖననం చేశారు. ధీరుడుగా, నమ్మదగిన మార్గదర్శిగా అతనిని స్మరిస్తూ సమాధిపై శిలాఫలకం నిలిపారు. షామొనీ లోయ బిడ్డ జెర్మాట్‌లో శాశ్వతనిద్ర పొందగా, అతనిని అంతగా కోరుకొన్న వింపర్ 1911 సెప్టెంబరులో షామొనీలో మరణించి అక్కడే సమాధి చేయబడ్డాడు.

క్రోజ్ పడిపోయిన ఆ మాటర్‌హార్న్ ఉత్తర ముఖాన్ని పూర్తిగా కింది నుండి పై వరకు ఎక్కడానికి మరి అరవై ఆరేళ్లు పట్టింది. 1931లో ఫ్రాంజ్ ష్మిడ్, టోనీ ష్మిడ్ అనే జర్మనీ సోదరులు రెండు రోజులలో దానిని సాధించారు. అప్పటికి రాతిలోనూ మంచులోనూ దిగగొట్టే ఇనుపమేకులు, బూట్లకు బిగించుకొనే ముళ్లచట్రాలు వచ్చాయి. మెట్లు చెక్కే విద్య క్రమంగా వెనుకపడింది. గ్రాండ్ జొరాస్ శిఖరపంక్తిలో 1865లో వింపర్ ఎక్కిన కొనకు అతని పేరు, దాని పక్కన 4,110 మీటర్ల ఎత్తున ఉన్న కొనకు క్రోజ్ పేరు పెట్టారు. క్రోజ్ కొన నుండి ఉత్తరపు వైపుకు దిగే నిలువు గట్టును 1935లో రుడాల్ఫ్ పీటర్స్, మార్టిన్ మైయర్ అనే ఇద్దరు యువకులు తొలిసారి ఎక్కారు. నేడు ఆ ఉత్తర ముఖానికి వెళ్లే ఆరోహకులు ఆ గట్టును క్రోజ్ పేరుతోనే పిలుస్తారు.